ఎకరాల లెక్కా, ఊళ్ళ లెక్కా

ఢిల్లీలో రెండు సభలు ఎందుకుండాలో నాకు బడిలో చెప్పే ఉంటారు. నాకు ఎక్కలేదు. పదో తరగతి తప్పి కొబ్బరి కొట్లో గుమాస్తాగా కుదిరాక, కాయలు దిగని మధ్యాహ్నాల్లో పాత పేపర్లు ముందేసుకుని ఎన్నికల ఫలితాలు కూడడం, తీసివెయ్యడం, భాగించడం అలవాటైంది. ఎవరు గెలిచారన్నది నాకు పెద్దగా పట్టేది కాదు. ఎంతమందికి ఒక సీటు అన్నదే పట్టుకునేది. ఉత్తరప్రదేశ్‌కి లోక్‌సభలో ఎనభై, సిక్కింకి ఒకటి, మనకి ఇరవై అయిదు. సరే, జనాన్ని బట్టి ఇచ్చారు అనుకుని ఊరుకుంటే రాజ్యసభ వచ్చి లెక్క చెడగొట్టేది. అక్కడ ఉత్తరప్రదేశ్‌కి ముప్పై ఒకటే, సిక్కింకి మళ్ళీ ఒకటి. సిక్కింలో సుమారు ఆరు లక్షల మందికి ఒక సభ్యుడైతే, ఉత్తరప్రదేశ్‌లో అరవై లక్షలు దాటితే గాని ఒకడు రాడు. ఉత్తరప్రదేశ్ మనిషి కన్నా సిక్కిం మనిషి పది రెట్లు ఎక్కువా? ఈ ప్రశ్న అరికాలిలో ముల్లులా చాలా ఏళ్ళు ఉండిపోయింది. అమెరికాలో అయితే పెద్ద రాష్ట్రానికీ చిన్న రాష్ట్రానికీ పై సభలో తలా ఇద్దరేనని తెలిసిన రోజున అది ఇంకాస్త లోపలికి దిగింది.

ఈ మధ్య నియోజకవర్గాల పునర్విభజన మాట టీవీల్లో మొదలయ్యాక మా టీ బడ్డీ దగ్గర కూడా ఇదే గొడవ. లోక్‌సభలో ఏ రాష్ట్రానికి ఎన్ని సీట్లన్నది ఇప్పటికీ డెబ్భై ఒకటో సంవత్సరం జనాభా లెక్క మీదే నడుస్తోందనీ, పిల్లల్ని తక్కువ కన్న రాష్ట్రాలు నష్టపోకూడదనే దాన్ని అలా ఆపి ఉంచారనీ నేను చెబితే, టీ కాచే ఆయన గరిటె తిప్పడం ఆపాడు.

"ఇద్దరు చాలన్నారండి, మా ఆవిడ ఆపరేషన్ చేయించేసుకుంది. ఇప్పుడేమో తక్కువున్నారు గాబట్టి సీట్లు తగ్గిస్తాం అంటే, ఆపరేషన్ వెనక్కి తీస్తారేంటండీ?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గాని ఇంటికి వెళ్తూ దారంతా అదే ఆలోచన. తలల్ని బట్టి ఇస్తే చిన్నవాడు మునుగుతాడు. రాష్ట్రానికి ఒకటని ఇస్తే పెద్దవాడు కోప్పడతాడు. ఈ రెంటికీ మధ్య గీత ఎక్కడ గీయాలి? అది నా పని కాదు కదా అనుకున్నాను. కొద్ది నెలల్లోనే నా పని అయింది.

మా పిల్లకాలువ మీద అయిదు ఊళ్ళున్నాయి. అన్నిటికన్నా ఎగువన మాది, రెండు వేల ఎకరాల ఆయకట్టు. దాని కింద పన్నెండు వందల ఎకరాల ఊరు, ఆ కింద ఎనిమిది వందలు, తర్వాత నాలుగు వందలు. అన్నిటికన్నా చివర, శివారున, రెండు వందల ఎకరాల ఊరు మా అక్క మెట్టినది. తొలి పంట సార్వాకి నీళ్ళకి లోటుండదు, వాన కూడా తోడవుతుంది. రెండో పంట దాళ్వాకి గోదావరి సన్నబడుతుంది కనుక వంతులు పెడతారు. ఒక ఊరి తూములు తెరిచి మిగతా ఊళ్ళవి మూస్తారు, ఆ ఊరు తడిశాక తర్వాతి ఊరికి వదులుతారు. వంతు ఎప్పుడూ ఎగువనే మొదలై కిందికి దిగుతుంది. ఎవరు పెట్టారో తెలియదు. నీళ్ళు పల్లానికే పారతాయి కనుక వంతు కూడా అలాగే దిగాలన్నంత సహజంగా దాన్ని అందరూ ఒప్పుకున్నారు.

చిక్కంతా ఆఖరి తడి దగ్గర వచ్చేది. గింజ పాలు పోసుకునే వేళ చేలో తడి లేకపోతే కంకి నిలబడే ఉంటుంది, లోపల తాలు. సరిగ్గా ఆ రోజుల్లోనే వేసవికి కాలువ కట్టేస్తారు. పైనున్న ఊరు తన వంతు పూట సాగదీస్తే, రెండో ఊరు ఇంకో పూట సాగదీస్తే, ఆ సాగదీతలన్నీ కలిసి శివారు ఊరి మీద పడతాయి. అక్కకి రెండెకరాలు, మెరక చేను ఒకటి, పల్లపు చేను ఒకటి. బావగారికి నడుం పడిపోయాక సేద్యం మొత్తం ఆమెదే. ఆ రెండెకరాల మీదే ఆ ఇంటి తిండీ, రెండు గేదెల మేతా. కిందటి ఏడు ఆఖరి తడి అందలేదు. ఈ ఏడు కూడా అందకపోతే గేదెల్ని అమ్మేస్తానని పండగ పూట, చాలా మామూలుగా అంది.

శివారు ఊళ్ళు గొడవ చేయగా, అయిదు ఊళ్ళకీ కలిపి ఒక ఉమ్మడి కమిటీ పెట్టుకుందామని రైతులే అనుకున్నారు. ఎవరికి ఎంత మాట ఉండాలన్న దగ్గర ఆగిపోయారు. మా ఊరి పెద్ద రైతు, నేను బాబాయిగారూ అని పిలిచే ఆయన, కొట్టుకి కబురు పెట్టారు.

"లెక్కల్లో నువ్వు గట్టివాడివని అందరూ అంటున్నారు అబ్బాయ్. మా ఊరికీ న్యాయంగా ఉండాలి, వాళ్ళు ఏడవకూడదు. చూసిపెట్టు" అన్నారు.

ఆ మాట అన్నప్పటి నుంచి నాకు కుదురు లేదు. కొబ్బరికాయల లారీ వెనక నిలబడి కాయలు ఎంచుతూ సీట్లు ఎంచేవాణ్ణి. రెండు వందల ఎకరాలకి ఒక సీటైతే పది, ఆరు, నాలుగు, రెండు, ఒకటి. మొత్తం ఇరవై మూడులో పై రెండు ఊళ్ళకే పదహారు. మిగిలినవాళ్ళు టీ తాగడానికి రావాలంతే. ఊరికి ఒకటైతే మా ఊళ్ళో అయిదో వంతు మంది కూడా ఒప్పుకోరు. రాజ్యసభకి మొదట్లో వేసిన లెక్క ఒకటి ఎక్కడో చదివాను. మొదటి యాభై లక్షల జనం దాకా పది లక్షలకి ఒక సీటు, ఆ పైన ఇరవై లక్షలకి ఒకటి. పెద్దవాడికి పెద్ద వాటానే వస్తుంది గాని, పెరిగే కొద్దీ పెరుగుదల మందగిస్తుంది. ఎవరు ఆలోచించారో గాని చక్కని ఆలోచన. దాన్ని ఎకరాలకి దింపాను. మొదటి నాలుగు వందల దాకా రెండు వందలకి ఒకటి, ఆ పైన నాలుగు వందలకి ఒకటి. ఆరు, నాలుగు, మూడు, రెండు, ఒకటి. మొత్తం పదహారు. పై రెండు ఊళ్ళకి పది. నూటికి డెబ్భై పాళ్ళ నుంచి అరవై రెండున్నరకి దిగింది, అంతే. వర్గమూలాలు కూడా కట్టి చూశాను. ఎలా తిప్పినా పై రెండు ఊళ్ళూ కలిస్తే సగం దాటేస్తున్నాయి.

పైగా ఆ ఎకరాలు కూడా పాతవి. మా ఊరి రెండు వేలలో ఎన్నో ఎకరాలు రొయ్యల చెరువులయ్యాయి, రోడ్డు వార ఉన్నవి ఇళ్ళ స్థలాలయ్యాయి. వాటికి కాలువ నీళ్ళు అక్కర్లేదు. కొత్తగా కొలుద్దామంటే బాబాయిగారు వద్దన్నారు, కొలిస్తే కొట్టుకుంటారని. ఢిల్లీలో పాత లెక్క ఆగిపోయి ఉండడం వల్ల మనకి మేలు, ఇక్కడ పాత లెక్క ఆగిపోయి ఉండడం వల్ల అక్కకి కీడు. ఒకే పని రెండు చోట్ల రెండు రకాలుగా న్యాయం ఎలా అవుతుందో నాకు అంతుపట్టలేదు. అక్కకి చెబితే బియ్యంలో రాళ్ళు ఏరుతూ తలెత్తకుండానే అడిగింది.

"రొయ్యలు కూడా మీ ఊరి తరఫున చెయ్యెత్తుతాయేంట్రా?"

చివరికి నాకు రెండు సభలే దారి చూపించాయి. సీట్లు ఎలా పంచినా కుదరనప్పుడు ఒకే మాటని రెండుసార్లు లెక్కపెడితే సరి. ప్రతి ఊరూ ఒక్క మాట చెబుతుంది, అవునో కాదో. దాన్ని ఊళ్ళుగా ఒకసారి, ఎకరాలుగా ఒకసారి లెక్కపెట్టాలి. రెండు లెక్కల్లోనూ సగం దాటితేనే ఏ మార్పైనా చెల్లుతుంది. పెద్ద ఊళ్ళు ఎకరాల బలంతో చిన్న ఊళ్ళ నెత్తిన ఏదీ రుద్దలేవు, ఎందుకంటే ఊళ్ళ లెక్కలో అవి రెండే. చిన్న ఊళ్ళు మూడూ కలిసి పెద్ద ఊళ్ళని ఏమీ చెయ్యలేవు, ఎందుకంటే ఎకరాల లెక్కలో అవి పధ్నాలుగు వందలే. ఆ రోజు సైకిల్ మీద ఇంటికి వెళ్తుంటే కాలువ గట్టు మీద నేను ఒక్కణ్ణే ఉన్నా ఎవరో మెచ్చుకుంటున్నట్టు అనిపించింది.

లాకుల దగ్గర రావిచెట్టు కింద బల్లలు వేసి కూర్చున్నప్పుడు అందరూ ఒప్పుకున్నారు. బాబాయిగారు అందరికన్నా ముందు తలూపారు. నాకు కొంచెం ఆశ్చర్యం వేసింది గాని, పెద్దమనిషి తరహా అనుకున్నాను. రెండో ఊరి తరఫున వచ్చిన రిటైరైన మాస్టారు మాత్రం, ఆదివారం ప్రార్థన అయ్యాక మావాళ్ళని కూడా అడిగి చెబుతానన్నారు, అన్నట్టే వారం తిరక్కుండా ఒప్పుకున్నట్టు కబురు పెట్టారు.

ఆ తర్వాతి సమావేశం ఆఖరి తడి గురించి. వరి పొట్ట మీద ఉంది, కాలువ అప్పటికే మోకాలి లోతుకి దిగింది. అక్క ఊరివాళ్ళు ఒకే ఒక్కటి అడిగారు. ఈ ఒక్క తడికి వంతు శివారు నుంచి మొదలుపెట్టండి, పైవాళ్ళకి ఎలాగూ ఆఖరి రోజున కూడా నీళ్ళందుతాయి, మాకు అందవు అని. నాలుగో ఊరు అవునంది. మూడో ఊరు కాసేపు తమలో తాము గుసగుసలాడుకుని అవునంది. రెండో ఊరు కాదంది. బాబాయిగారు మా ఊరి మాట చెప్పకముందే నా వేళ్ళు లెక్క తేల్చేశాయి. ఊళ్ళ లెక్కలో మూడు, రెండు. నెగ్గింది. ఎకరాల లెక్కలో పధ్నాలుగు వందలు, మూడు వేల రెండు వందలు. వీగింది. రెంటిలో ఒకదాంట్లో వీగితే పాత పద్ధతే ఉంటుంది. పాత పద్ధతంటే ఎగువ నుంచి దిగువకి.

అప్పుడు కనిపించింది నాకు, నేను కట్టినదేమిటో. చిన్న ఊళ్ళ చేతికి నేనిచ్చింది ఆపే బలం. వాళ్ళకి కావలసింది కదిపే బలం. ఆపేవాడికి కావలసినవన్నీ పాత పద్ధతిలోనే ఉన్నాయి, అది ఊరికే కూర్చున్నా నెగ్గుతుంది. బాబాయిగారు అంత తొందరగా ఎందుకు తలూపారో కూడా అప్పుడే అర్థమైంది. ఆయన దగ్గరికి వెళ్ళి, ఇది న్యాయం కాదేమో బాబాయిగారూ అన్నాను.

"నువ్వు రాసిందే కదా అబ్బాయ్. అందులో నేను ఒక్క ముక్క మార్చలేదు" అన్నారు, ఎంతో ప్రేమగా, నా భుజం మీద చెయ్యి వేసి.

అక్క చెట్టు అవతల చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. నేను ఏదో చెప్పబోయాను. పార్లమెంటులో ఇలా చిక్కుపడితే రెండు సభల్నీ కలిపి కూర్చోబెట్టే ఏర్పాటు ఉందనీ, అది పెట్టుకుందామనీ. చెబుతుండగానే దాని సంగతీ తెలిసింది. అక్కడ లోక్‌సభ వాళ్ళు అయిదు వందలకి పైన, రాజ్యసభ వాళ్ళు రెండు వందల చిల్లర. కలిపి కూర్చోబెడితే పెద్ద గుంపే గెలుస్తుంది. డబ్బు బిల్లులైతే పై సభ పధ్నాలుగు రోజులు దగ్గర పెట్టుకుని తిప్పి పంపడమే. అక్క విన్నంతసేపు విని, "రెండు తాళాలు వేసేవు బాగానే ఉంది. వేసేముందు నేను లోపలున్నానో బయటున్నానో చూసుకోవద్దేంట్రా?" అని నడిచి వెళ్ళిపోయింది.

వంతు మా ఊరి నుంచే మొదలైంది. నాకూ ఇక్కడ అరెకరం ఉంది. ఆ పూట నా చేలోకి నీళ్ళు రాకుండా బోదెకి మట్టి అడ్డం వేసేశాను, నా వాటా కిందికి పోనీ అని. పోలేదు. ఆ నీళ్ళు పక్క చేలోకి వెళ్ళాయి. పక్క చేనాయన చాలా సంతోషించి మా ఇంటికి అరటిగెల పంపించాడు. ఒకడు వదులుకుంటే అది శివారు దాకా వెళ్ళదు, పక్కవాడి దగ్గరే ఇంకిపోతుంది. ఇది కూడా ఏ లెక్కలో రాయాలో నాకు తెలియలేదు.

కొట్లో పని మీద మనసు నిలవక పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి సైకిలేసుకుని గట్టు వెంట వెళ్ళేవాణ్ణి. తూములు తెరిచి మూసే లస్కరుని ఎక్కడి దాకా వచ్చిందండీ అని అడిగీ అడిగీ విసిగించేశాను. మా ఊరు పూట సాగదీసింది. రెండో ఊరు అంతకన్నా ఎక్కువ సాగదీసింది. మూడో ఊరు, పాపం, తన గడువు దాటలేదు. నాలుగో ఊరి వంతు మొదలయ్యేసరికి కాలువ కట్టేసే రోజు ముంగిట్లోకి వచ్చేసింది. నాలుగో ఊరు తన వంతు పూర్తిగా వాడుకుంటే అక్క ఊరికి చుక్క మిగలదు. ఎవరు లెక్క వేసినా అదే తేలుతుంది.

ఆ మధ్యాహ్నం నేనూ అక్కా నాలుగో ఊరి షట్టరు దగ్గర నిలబడ్డాం. ఏమీ అడగడానికి కాదు. అడగడానికి ఏముంది, వాళ్ళ చేలు కూడా ఎండుతున్నాయి. కాసేపటికి ఆ ఊరి తరఫున కమిటీలో కూర్చునే పెద్దాయన తలకి తువ్వాలు చుట్టుకుని వచ్చి, లస్కరుతో ఏదో చెప్పారు. లస్కరు మా వంక చూసి, చక్రం తిప్పి, కిందికి నీళ్ళు వదులుతూ షట్టరు ఎత్తాడు. ఇంకా వాళ్ళ వంతు అయిపోలేదు.

అక్క గబగబా ఆయన దగ్గరికి వెళ్ళింది. "మీకు తక్కువైపోదేంటండీ?"

"ఆయ్, అవుద్దండి. మావాళ్ళలో కొందరికి ఇష్టం లేదు కూడాను." ఆయన తువ్వాలు విప్పి మొహం తుడుచుకున్నారు. "ఆవేళ మీతో పాటు చెయ్యెత్తేం కదండీ. ఎత్తిన చెయ్యి దింపేసుకుని మా చేలు మేం తడుపుకుని కూర్చుంటే, రేపు మాకు పనిబడ్డప్పుడు మీరెత్తరు."

ఓడిపోయిన తీర్మానానికి విలువ సున్నా అని నా లెక్క. కానీ ఓడిపోయినదాంట్లో ఎవరెవరు కలిసి చేతులెత్తారన్నది ఆ మూడు ఊళ్ళకీ గుర్తుండిపోయింది. ఆ సంగతి ఎకరాల లెక్కలోనూ లేదు, ఊళ్ళ లెక్కలోనూ లేదు.

నీళ్ళు అక్క మెరక చేనుకి ఎక్కాయి. మెరకకి ముందు పెట్టించింది, పల్లం ఎలాగూ ఊటకి తడి పట్టి ఉంటుందేమోనన్న ఆశతో. పల్లానికి మళ్ళించేలోపు పైన కాలువ కట్టేశారు. మురుగు కాలువ నుంచి ఇంజనుతో తోడి పోశారు గాని అందులో ఉప్పు తగిలింది. కోతలప్పుడు మెరక చేను వడ్లు బంగారంలా ఉన్నాయి. పల్లపు చేనువి తూర్పారబోస్తుంటే సగం గాలితో పాటే పోయాయి. రెండు గేదెల్లో ఒకదాన్ని అమ్మింది. మర్నాడు ఉదయాన్నే నా కొట్టుకి బస్సెక్కి వచ్చింది.

"ఆపే రూలు రాసేవు కదా. కదిపే రూలు రాయి. ఈసారి మా ఊరి కుర్చీలో నేను కూర్చుంటాను" అంది. వాళ్ళ ఊళ్ళో అప్పటికే ఒప్పించి వచ్చిందని తర్వాత తెలిసింది.

ఆలోచించగా ఆలోచించగా తేలిందేమిటంటే, ఏటేటా ఓటు పెట్టి వంతు తిప్పుకోవాలంటే ఎప్పటికీ తిరగదు. తిరగడమే మామూలు పద్ధతి కావాలి, ఆపాలంటే ఓటు కావాలి. ఈ ఏడు మొదటి ఊరి నుంచి, పై ఏడు రెండో ఊరి నుంచి, ఆ పై ఏడు మూడో ఊరి నుంచి. అయిదేళ్ళకి చక్రం పూర్తవుతుంది. ఎవరైనా ఆపాలనుకుంటే అప్పుడు వాళ్ళు రెండు లెక్కల్లోనూ నెగ్గాలి. అంతా బాగానే ఉంది గాని ఈ పద్ధతిని మొదట తేవడానికి మళ్ళీ ఆ రెండు తాళాలే తియ్యాలి. మా ఊరు ఒప్పుకోదు. అయితే రెండో ఊరు గనక వచ్చి కలిస్తే, ఊళ్ళు నాలుగు, ఎకరాలు రెండు వేల ఆరు వందలు. మా ఊరి రెండు వేలకి పైన. మొత్తం ఆ ఒక్క ఊరి మీద ఆగింది.

కిందటి ఆదివారం మధ్యాహ్నం అక్కా నేనూ ఆ మాస్టారి ఇంటికి వెళ్ళాం. ఆయన చర్చి నుంచి అప్పుడే వచ్చినట్టున్నారు, ఇస్త్రీ చొక్కా ఇంకా విప్పలేదు. నేను చెప్పిందంతా ఓపిగ్గా విని, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ మెల్లిగా అడిగారు.

"ఇప్పుడు మాకు ఏటా రెండో వంతు ఖాయం కదండీ. ఇందులో మాకు వచ్చేదేంటి?"

అయిదేళ్ళ సగటు తీస్తే వాళ్ళు రెండు నుంచి మూడుకి దిగుతారు. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకి తెలియకుండా ఎలా చెప్పాలో తెలియదు, చెప్పకుండా ఉండడం నా వల్ల కాదు. నేను నోరు తెరిచేలోపు అక్క అందుకుంది.

"మొదటి వంతు మీ ఊరికి ఎప్పుడైనా వచ్చిందాండీ, మాస్టారూ? మీ నాన్నగారి రోజుల్లో గాని, తాతగారి రోజుల్లో గాని?"

ఆయన ఆలోచించారు. "లేదమ్మా."

"ఇందులో వస్తుందండి."

"ఒక ఏడు ఆఖరి వంతు కూడా వస్తుంది కదమ్మా."

"ఆయ్, వస్తుందండి. మేం ఏటా ఆఖర్నే ఉంటున్నామండి. గేదొకటి పోయింది గాని, మనుషులం ఉన్నాం కదండీ."

మాస్టారు నవ్వలేదు. కళ్ళజోడు పెట్టుకుని లోపలికి వెళ్ళి, ఒక కాగితం, పెన్సిలు తెచ్చుకుని, ఏ ఏడు తమ ఊరి వంతు ఎక్కడ పడుతుందో మొదటి నుంచి తనే వేసుకోవడం మొదలుపెట్టారు. ఒకచోట తప్పు వేశారు. చెబుదామని నేను ముందుకి వంగితే అక్క నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. ఆయన తనే చూసుకుని దిద్దుకున్నారు. మళ్ళీ మొదటి నుంచి వేస్తున్నారు. మేం అరుగు మీద కూర్చుని చూస్తున్నాం.